మార్గరెటే షూటె-లిహోట్స్కీ

మార్గరెటే షూటె-లిహోట్స్కీ (1897 జనవరి 23 - 2000 జనవరి 18) ఆస్ట్రియా దేశానికి చెందిన ప్రముఖ వాస్తుశిల్పి. ఆ దేశపు తొలి మహిళా వాస్తుశిల్పులలో ఒకరు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపాలక సంస్థ నిర్మిస్తున్న ఇళ్ళ కోసం ఈమె రూపొందించిన వంటగది ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది అనే పేరుతో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. పొయ్యి, సింకు, గట్టు, అరలు, సొరుగులు ఒక క్రమంలో, ఒకే కొలతల ప్రకారం గోడకు అమర్చి ఉండే నేటి వంటగదులకు ఇదే మాతృకగా భావిస్తారు. వంటగది అందంగా ఉండడం, పనికి అనువుగా ఉండడం రెండు వేర్వేరు విషయాలు కావని ఈమె తన పని ద్వారా నిరూపించింది. హిట్లర్ పాలనను ఎదిరించి నాలుగేళ్ళకు పైగా కారాగారంలో గడిపిన ధీశాలి కూడా. 103వ పుట్టినరోజుకు ఐదు రోజుల ముందు వియన్నాలో మరణించింది.

బాల్యం, విద్యాభ్యాసం

మార్గరెటే లిహోట్స్కీ 1897 జనవరి 23న ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్య రాజధాని అయిన వియన్నాలో ఒక మధ్యతరగతి కుటుంబంలో జన్మించింది. తండ్రి ఎర్విన్ లిహోట్స్కీ ప్రభుత్వోద్యోగి. ఉదార భావాలు కలవాడు, యుద్ధాన్ని వ్యతిరేకించినవాడు. తల్లి పేరు యూలీ. చదువుకు, కళలకు విలువనిచ్చే ఇంట్లో ఆమె పెరిగింది.

1915లో ఆమె వియన్నాలోని కళాపరిశ్రమల పాఠశాలలో ప్రవేశించింది. ఈ ప్రవేశం కోసం ఆమె తల్లి ప్రసిద్ధ చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ నుండి సిఫారసు లేఖ సంపాదించింది. ఆ పాఠశాలలో వాస్తుశిల్పం అభ్యసించిన మొదటి విద్యార్థిని ఆమే. ఒక స్త్రీకి ఇల్లు కట్టే పని ఎవరు అప్పగిస్తారన్న సందేహం ఆనాడు అందరికీ ఉండేది. ఆమె గురువు, వాస్తుశిల్పి ఓస్కార్ స్ట్రనాడ్ కూడా మొదట్లో ఆమెను నిరుత్సాహపరచినవాడే. అయితే ఆమె పట్టుదలను చూసి తరువాత ఆయనే ఆమెకు మార్గదర్శి అయ్యాడు.

1917లో కార్మికుల నివాసాలకు నమూనాలు గీసే పోటీ ఒకటి వచ్చింది. నమూనా గీయబోయే ముందు కార్మికులు నిజంగా ఎలా నివసిస్తున్నారో వెళ్ళి చూసి రమ్మని స్ట్రనాడ్ ఆమెకు సలహా ఇచ్చాడు. ఆమె వియన్నా శివారులలోని కార్మికవాడలకు వెళ్ళింది. ఒకే గదిలో వంట, భోజనం, స్నానం, నిద్ర అన్నీ సాగించే కుటుంబాలను అక్కడ చూసింది. అద్దె భరించలేక ఆ కాస్త చోటులోనే పరాయివారికి పడక చోటు అద్దెకిచ్చుకునే ఇళ్ళు కూడా ఆ నగరంలో ఉండేవి. ఆ పోటీలో ఆమెకు బహుమతి లభించింది. అంతకంటే ముఖ్యంగా, ఇల్లు గీయడానికి ముందు ఆ ఇంట్లో ఉండబోయేవారి దినచర్యను తెలుసుకోవాలనే అలవాటు ఆమెకు జీవితాంతం నిలిచిపోయింది. 1919లో ఆమె చదువు పూర్తయింది.

వియన్నాలో తొలి పనులు

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి వియన్నా ఆకలితో, ఇళ్ళ కొరతతో అల్లాడుతున్నది. నిలువ నీడ లేనివారు నగరం అంచులలోని ఖాళీ భూములలో గుడిసెలు వేసుకొని కూరగాయలు పండించుకోసాగారు. ఇదే తరువాత నివాసకుల ఉద్యమంగా రూపుదిద్దుకున్నది. ఎవరి ఇంటికి వారే కూలీలుగా పనిచేసి, సహకార సంఘాల ద్వారా ఇళ్ళు కట్టుకోవడం దీని పద్ధతి. వియన్నా నగరం ఈ ఉద్యమానికి ఒక కార్యాలయాన్ని ఏర్పాటు చేసి, ప్రఖ్యాత వాస్తుశిల్పి అడాల్ఫ్ లోస్‌కు అందులో బాధ్యతలు అప్పగించింది. 1921లో లిహోట్స్కీ ఆయనతో కలిసి పనిచేయడం ప్రారంభించింది. అనవసరమైన అలంకారాన్ని తీవ్రంగా నిరసించిన లోస్ ప్రభావం ఆమెపై బాగా పడింది.

ఆ ఇళ్ళలో బొగ్గు, కట్టె పొదుపు చేయడం చాలా అవసరం. వంట పొయ్యే ఇంటిని వెచ్చబరచే కుంపటి కూడా. కనుక వంట చేసే చోటు, కుటుంబం కూర్చునే చోటు ఒకటిగా ఉండక తప్పేది కాదు. కడుగుడు పనులు, బట్టలుతకడం వంటివాటిని మాత్రం పక్కన ఒక చిన్న గదికి మార్చవచ్చునని ఆమె గ్రహించింది. ఈ ఆలోచనతో ముందుగానే పోతపోసిన కాంక్రీటు తొట్లు, గట్లతో కూడిన ఒక చిన్న పనిగదిని రూపొందించింది. తరువాతి కాలపు ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదికి బీజం ఇక్కడే పడిందని చెప్పవచ్చు.

అప్పట్లో ప్రబలంగా ఉన్న క్షయవ్యాధి ఆమెను కూడా విడిచిపెట్టలేదు. 1924లో ఆమె వ్యాధిగ్రస్తురాలై కొంతకాలం ఆరోగ్యకేంద్రంలో గడపవలసి వచ్చింది. ఇంట్లోకి గాలి, వెలుతురు రావడం ప్రాణావసరమని ఆమెకు పుస్తకాలు చెప్పనక్కరలేకపోయింది.

ఫ్రాంక్‌ఫర్ట్ పిలుపు

1925లో జర్మన్ వాస్తుశిల్పి ఎర్నస్ట్ మే ఫ్రాంక్‌ఫర్ట్ నగర నిర్మాణ శాఖకు అధిపతి అయ్యాడు. వియన్నాలో లిహోట్స్కీ పనిని చూసి ఉన్న ఆయన 1926లో ఆమెను తన శాఖకు ఆహ్వానించాడు. నూతన ఫ్రాంక్‌ఫర్ట్ అని పేరుపొందిన ఈ కార్యక్రమం కింద 1925 - 1930 మధ్యకాలంలో సుమారు 12,000 ఇళ్ళు నిర్మించారు. ప్రౌన్‌హైమ్, రోమర్‌స్టాట్, హోహెన్‌బ్లిక్ వంటి కాలనీలు ఈ కార్యక్రమంలో భాగంగా వెలసినవే.

తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో, ఎక్కువ ఇళ్ళు కట్టాలంటే తలుపులు, కిటికీలు, గుమ్మాలు అన్నీ ఒకే కొలతలలో కర్మాగారాలలో తయారు కావాలి. లిహోట్స్కీ ఈ ప్రామాణీకరణ విభాగంలో చేరింది. ఆమెకు ఒప్పగించిన ముఖ్యమైన పని వంటగది. 1927లో ఆమె సహోద్యోగి, వాస్తుశిల్పి విల్హెల్మ్ షూటెను వివాహం చేసుకున్నది. నాటి నుండి రెండు పేర్లనూ కలిపి వ్రాసుకోసాగింది.

ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది - నేపథ్యం

వంటపనిని శాస్త్రీయంగా పరిశీలించడం లిహోట్స్కీతో మొదలు కాలేదు. అమెరికాలో కేథరిన్ బీచర్ 1869లోనే తన సోదరి హారియెట్ బీచర్ స్టోతో కలిసి గృహనిర్వహణపై ఒక గ్రంథం ప్రచురించి, అందులో పొందికైన వంటగదికి పటం ఇచ్చింది. 20వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెడరిక్ టేలర్ కర్మాగారాలలో కార్మికుని ప్రతి కదలికనూ గడియారంతో కొలిచి, వృథా కదలికలను తొలగించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే అమెరికన్ రచయిత్రి ఈ పద్ధతిని ఇంటిపనికి అన్వయించింది. గిన్నెలు ఒక మూల, పొయ్యి మరొక మూల, నీళ్ళు వేరొక మూల ఉంటే ఇల్లాలు రోజంతా వాటి మధ్య నడుస్తూనే ఉంటుందని పటాలు గీసి చూపింది. ఆమె పుస్తకపు జర్మన్ అనువాదాన్ని 1920ల ఆరంభంలో లిహోట్స్కీ చదివింది.

రైళ్ళలోని భోజనశాల పెట్టెలు కూడా ఆమెకు ఆదర్శమయ్యాయి. అతి ఇరుకైన వంటశాలలో ఇద్దరు ముగ్గురు పనివారు కొద్దిసేపటిలోనే పెద్ద సంఖ్యలో ప్రయాణికులకు భోజనం సిద్ధం చేయగలుగుతున్నారు. దీనికి కారణం ప్రతి వస్తువూ చేయి చాపితే అందేచోట ఉండడమే. ఆమె వంటగదిలో జరిగే పనులను వరుసగా వ్రాసుకొని, ఒక్కొక్క పనికి పట్టే కాలాన్ని, నడకను లెక్కించి, ఆ లెక్కల ఆధారంగా నమూనా సిద్ధం చేసింది.

ఇంతటి వంటగదిని రూపొందించే నాటికి ఆమెకు ఇల్లు నడిపిన అనుభవం గాని, వంట చేసిన అనుభవం గాని లేవు. ఈ సంగతిని తరువాతి కాలంలో ఆమే స్వయంగా వెల్లడించింది. స్త్రీ కనుక వంటిల్లు గురించి ఆమెకు సహజంగానే తెలుస్తుందని నాటివారు అనుకున్నారు. నిజానికి ఆమెకు తోడ్పడింది పుట్టుకతో వచ్చిన జ్ఞానం కాదు, పరిశీలన.

ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది - నిర్మాణం

ఈ వంటగది సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు కలిగిన సన్నని గది. విస్తీర్ణం దాదాపు 6.5 చదరపు మీటర్లు, అంటే సుమారు 70 చదరపు అడుగులు. ఒక చివర కిటికీ, ఒక పక్క గోడలో భోజనం చేసే గదిలోకి తెరుచుకునే జారుడు తలుపు ఉంటాయి. పొయ్యి దగ్గర నిలబడిన తల్లి ఆ తలుపు గుండా ముందుగదిలో ఆడుకునే పిల్లలను కనిపెట్టి ఉండవచ్చు. పొయ్యికి, భోజనాల బల్లకు మధ్య దూరం మూడు మీటర్లకు మించకుండా జాగ్రత్త వహించారు. ముఖ్యమైన ఏర్పాట్లు ఇవి:

- కిటికీ కింద పనిబల్ల: పగటి వెలుతురు నేరుగా చేతులమీద పడుతుంది. ఎత్తు సర్దుకోగల తిరుగుడు పీటపై కూర్చొని కూరలు తరగవచ్చు. నిలబడి చేయనక్కరలేని పనిని కూర్చొని చేయాలన్నది ఆమె నియమం.
- చెత్త సొరుగు: పనిబల్లలోనే ఒక సందు ఉంటుంది. తరిగిన తొక్కలను అందులోకి తోసివేస్తే కిందనున్న సొరుగులో పడతాయి. సొరుగును బయటికి లాగి పారబోసుకోవచ్చు.
- అల్యూమినియం డబ్బాలు: బియ్యం, పంచదార, పప్పుధాన్యాల వంటి సరుకులకు పిడి, మూతి ఉన్న సొరుగులను వరుసగా అమర్చారు. వాటిపై సరుకు పేరు ఉంటుంది. సొరుగునే తీసి గిన్నెలోకి నేరుగా వంపుకోవచ్చు.
- కొయ్య ఎంపిక: పురుగు పట్టకుండా పిండి పెట్టెకు ఓక్ కలపను, మరకలకు, కత్తిగాట్లకు తట్టుకునేలా తరిగే చోట బీచ్ కలపను వాడారు.
- నీరోడ్చే తట్ట: సింకు పక్కన పళ్ళాలను నిలబెట్టే తట్ట ఉంటుంది. కడిగిన పళ్ళాలు తుడవకుండానే ఆరిపోతాయి.
- వేడి నిలిపే పెట్టె: పొయ్యిమీద ఉడుకు పట్టిన గిన్నెను దించి, వేడి బయటికి పోకుండా కట్టుదిట్టం చేసిన ఈ పెట్టెలో ఉంచితే మిగిలిన ఉడుకు దానంతటదే పూర్తవుతుంది. బయట ఉద్యోగం చేసే స్త్రీకి ఇది ఎంతో ఉపయోగకరం.
- మడత బల్ల: ఇస్త్రీ చేసుకునే బల్ల గోడకు బిగించి ఉంటుంది. పని లేనప్పుడు పైకి మడిచివేయవచ్చు.
- జరిగే దీపం: పైకప్పుకు బిగించిన పట్టా వెంట విద్యుద్దీపాన్ని కావలసిన చోటికి జరుపుకోవచ్చు. ఎక్కడ నిలబడినా తన నీడ తన పనికి అడ్డురాదు.

అరలు పైకప్పు వరకు మూసి ఉండడం వల్ల వాటిపై దుమ్ము చేరదు. అడుగు భాగంలో కాంక్రీటు దిమ్మెను కొద్దిగా లోపలికి జరపడం వల్ల పనిచేసేవారి పాదాలకు చోటు దొరుకుతుంది, నేల ఊడ్చుకోవడమూ సులువవుతుంది. వండడానికి గ్యాస్ పొయ్యి అమర్చేవారు. పూర్తిగా విద్యుదీకరించిన రోమర్‌స్టాట్ కాలనీలో మాత్రం విద్యుత్ పొయ్యిలు వాడారు. గ్యాస్, విద్యుత్తు వచ్చినందువల్లనే వంటగదిని నివాసపు గది నుండి వేరుచేయడం సాధ్యమైనదని గుర్తించాలి. వియన్నా ఇళ్ళలో వలె పొయ్యి చుట్టూ కుటుంబమంతా చలికాచుకోవలసిన అవసరం ఇక్కడ లేకపోయింది.

ఈ వంటగది సామగ్రిని కర్మాగారంలో తయారుచేసి ఇళ్ళలో బిగించేవారు. దాని ఖర్చు నిర్మాణ వ్యయంలో చేర్చి, అద్దె రూపంలో కొద్దికొద్దిగా రాబట్టేవారు. అద్దెకు వచ్చే కుటుంబం విడిగా అలమరలు, బల్లలు కొనుక్కోనక్కరలేదు. పనిమనిషిని పెట్టుకోగల కుటుంబాల కోసం ఇంకొంచెం పెద్ద నమూనాలు కూడా ఉన్నా, ఎక్కువగా వాడుకలోకి వచ్చింది ఈ చిన్న నమూనాయే. మొత్తం మీద దాదాపు 10,000 ఇళ్ళలో ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది అమర్చారని అంచనా.

ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది - సౌందర్యం

ఈ వంటగదిలో విడిగా అతికించిన అలంకారమంటూ ఏదీ లేదు. చెక్కడాలు లేవు, నగిషీలు లేవు. అయినా నేటికీ సంగ్రహాలయాలలో దీనిని చూసేవారు ముందుగా దీని అందాన్నే మెచ్చుకుంటారు. నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు వేసిన తలుపులు, వెండిలా మెరిసే అల్యూమినియం సొరుగుల వరుస, కొయ్య సహజమైన వన్నె, నల్లని గట్టు - ఇవే ఆ అందానికి మూలం. వీటిలో ప్రతిదానికీ ఒక ప్రయోజనం ఉంది. నీలిరంగు ఉన్నచోట ఈగలు వాలవని ఆనాటి పరిశోధకులు భావించినందువల్ల ఆ రంగును ఎంచుకున్నారు. సొరుగుల వరుసలో కనిపించే లయ సరుకులు వెదుక్కోనక్కరలేకుండా చేసిన ఏర్పాటు నుండి పుట్టినదే.

కొలతలు ఒకదానికొకటి సరిపోవడం మరొక విశేషం. అరల అంచు, గట్టు అంచు, సింకు అంచు ఒకే గీతలో ఉండడం వల్ల చిన్న గది కూడా చిందరవందరగా కనిపించదు. ధనికుల ఇళ్ళకు మాత్రమే పరిమితమైన ఇటువంటి పొందికను అద్దె ఇంట్లో ఉండే కార్మిక, చిరుద్యోగి కుటుంబాలకు అందించడం లిహోట్స్కీ సాధించిన ఘనత.

ఆదరణ, విమర్శలు

1927లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగిన నూతన గృహ ప్రదర్శనలో ఈ వంటగదిని ప్రజల ముందుంచారు. దాని వాడకాన్ని వివరిస్తూ ఒక చిన్న చలనచిత్రం కూడా తీశారు. పత్రికలు ప్రశంసించాయి. ఇతర దేశాల వాస్తుశిల్పులు వచ్చి చూశారు.

వాడుకునేవారి అనుభవం మాత్రం అన్నివేళలా ఒకేలా లేదు. తరతరాలుగా వంటింట్లోనే కూర్చొని తినడానికి అలవాటుపడిన కుటుంబాలకు ఇది ఇరుకుగా తోచింది. ఇద్దరు కలిసి పనిచేయడానికి చోటు చాలదు. పాత ఇంటి నుండి తెచ్చుకున్న అలమర ఇందులో పట్టదు. పేర్లు వ్రాసిన సొరుగులలో ఇల్లాళ్ళు తమకు తోచిన సరుకులు పోసుకునేవారు. కింది వరుస సొరుగులు పసిపిల్లల చేతికి అందేవి.

1970ల తరువాత స్త్రీవాదులు మరింత లోతైన ప్రశ్న వేశారు. ఒక్కరికే సరిపోయేటట్లు గదిని కట్టడమంటే ఆ పని ఎప్పటికీ ఒక్కరిదేనని తేల్చివేయడం కాదా అన్నది వారి విమర్శ. కుటుంబం ముందుగదిలో కూర్చొని ఉండగా, ఇల్లాలు మాత్రం నాలుగు గోడల మధ్య ఒంటరిగా మిగిలిపోతుందని వారు వాదించారు.

లిహోట్స్కీ దృష్టి వేరు. పాత వంటింట్లో చాకిరీకి అంతు లేదు. ఆ చాకిరీని తగ్గిస్తే స్త్రీకి తన ఉద్యోగానికి, పిల్లలకు, చదువుకు, విశ్రాంతికి సమయం మిగులుతుందని ఆమె విశ్వసించింది. అనేక కుటుంబాలకు కలిపి ఒకే వంటశాల నడిపే ప్రయోగాలు కూడా అప్పటికే జరిగి ఉన్నాయి. అయితే దాని ఖర్చును నెలనెలా చెల్లించాలంటే నిలకడైన ఆదాయం కావాలని, ఎప్పుడు పని పోతుందో తెలియని కార్మిక కుటుంబాలకు అది కుదరదని ఆమె అభిప్రాయం. విమర్శకుల మాటలో నిజం ఉన్నది. ఆమె కాలపు పరిస్థితిని గమనిస్తే ఆమె సమాధానంలోనూ బలం ఉన్నది. గోడల కొలతను వాస్తుశిల్పి మార్చగలడు గాని, ఆ గదిలో ఎవరు పనిచేయాలన్నది నిర్ణయించవలసింది సమాజమే.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆమె వంటగదితోనే ఆగిపోలేదు. ఒంటరిగా జీవించే ఉద్యోగినుల కోసం చిన్న నివాసాలు, బాలికలకు వంట నేర్పే పాఠశాల గదులు, శిశు విద్యాలయాల నమూనాలు కూడా రూపొందించింది.

సోవియట్ యూనియన్, టర్కీ

ఆర్థిక మాంద్యం, నాజీల ప్రాబల్యం పెరగడంతో జర్మనీలో నిర్మాణ కార్యక్రమాలు కుంటుపడ్డాయి. 1930లో ఎర్నస్ట్ మే తన బృందంతో సోవియట్ యూనియన్‌కు వెళ్ళాడు. షూటె దంపతులు ఆ బృందంలో ఉన్నారు. ఉరల్ పర్వత ప్రాంతంలో ఉక్కు కర్మాగారం చుట్టూ వెలుస్తున్న మాగ్నిటోగోర్స్క్ వంటి కొత్త నగరాలకు ప్రణాళికలు వేయడం వారి పని. లిహోట్స్కీకి శిశు సంరక్షణాలయాలు, బాలల పాఠశాలలు రూపొందించే బాధ్యత అప్పగించారు. వేర్వేరు శీతోష్ణస్థితులున్న విశాల దేశంలో అనేక చోట్ల కట్టుకోవడానికి వీలైన నమూనాలు, పిల్లల ఎత్తుకు తగిన బల్లలు, కుర్చీలు ఆమె సిద్ధం చేసింది. 1934లో జపాన్, చైనా దేశాలు పర్యటించింది.

1937లో ఆ దంపతులు సోవియట్ యూనియన్ విడిచి పారిస్ చేరుకున్నారు. 1938లో ఆస్ట్రియాను హిట్లర్ జర్మనీలో కలుపుకున్నాడు. అదే సంవత్సరం జర్మన్ వాస్తుశిల్పి బ్రూనో టౌట్ పిలుపుతో వారు టర్కీలోని ఇస్తాంబుల్ వెళ్ళారు. అక్కడ లలితకళల అకాడమీలో పనిచేస్తూ ఆమె టర్కీ గ్రామాలకు పాఠశాలల నమూనాలు తయారుచేసింది. స్థానికంగా దొరికే సామగ్రితో గ్రామస్థులే కట్టుకోగలిగేలా వాటిని ఉద్దేశించింది.

ప్రతిఘటన, కారాగారవాసం

ఇస్తాంబుల్‌లో ఆమెకు హెర్బర్ట్ ఐఖోల్‌ట్సర్ అనే ఆస్ట్రియన్ వాస్తుశిల్పితో పరిచయమైంది. ఆయన నాజీలకు వ్యతిరేకంగా ప్రతిఘటన బృందాన్ని కూడగడుతున్నాడు. 1939లో ఆమె ఆస్ట్రియా కమ్యూనిస్టు పార్టీలో చేరింది. టర్కీలో ఆమెకు ఉద్యోగమున్నది, భద్రత ఉన్నది. అయినా 1940 డిసెంబరులో స్వదేశంలోని ప్రతిఘటనవాదులతో సంబంధాలు ఏర్పరచే రహస్య కార్యం మీద స్వచ్ఛందంగా వియన్నాకు బయలుదేరింది.

ఒక ద్రోహి ఇచ్చిన సమాచారంతో 1941 జనవరి 22న నాజీ రహస్య పోలీసులు ఆమెను అరెస్టు చేశారు. వియన్నాకు చేరి అప్పటికి నెల కూడా కాలేదు. మరునాడు ఆమె 44వ పుట్టినరోజు. విచారణలో ఆమెకు మరణశిక్ష విధించాలని ప్రభుత్వ న్యాయవాది కోరాడు. 1942లో న్యాయస్థానం 15 సంవత్సరాల కఠిన కారాగార శిక్ష విధించింది. ఆమె సహచరులలో పలువురికి ఆ అదృష్టం లేకపోయింది. ఐఖోల్‌ట్సర్‌ను 1943 జనవరి 7న వియన్నాలో శిరచ్ఛేదం చేశారు. లిహోట్స్కీని జర్మనీలోని బవేరియా ప్రాంతంలోని ఐఖాఖ్ మహిళా కారాగారంలో ఉంచారు. 1945 ఏప్రిల్ 29న అమెరికన్ సైన్యాలు ఆ కారాగారాన్ని విముక్తం చేయడంతో ఆమె బయటికి రాగలిగింది.

యుద్ధానంతర జీవితం

విడుదలైన తరువాత ఆమె కొంతకాలం బల్గేరియా రాజధాని సోఫియాలో శిశు విద్యాలయాల నిర్మాణంలో పాలుపంచుకొని, 1947లో వియన్నాకు తిరిగివచ్చింది. యుద్ధంలో శిథిలమైన నగరంలో ఇళ్ళ అవసరం అపారంగా ఉన్నది. ఆ పనిలో ఆమె అంతటి అనుభవం ఉన్నవారు అరుదు. అయినప్పటికీ కమ్యూనిస్టు అన్న కారణంగా ప్రభుత్వ సంస్థలు ఆమెకు పనులు ఇవ్వడానికి వెనుకాడాయి. వియన్నా నగరం నుండి ఆమెకు లభించినవి కొద్దిపాటి నివాస భవనాలు, రెండు శిశు విద్యాలయాలు మాత్రమే. వీటిలో కపౌన్‌ప్లాట్స్‌లోని విద్యాలయం 1950ల ఆరంభంలోను, రిన్‌బాక్ వీధిలోని విద్యాలయం 1960ల ఆరంభంలోను నిర్మించారు. వంటగదిలో ఇల్లాలి చేతిని కొలమానంగా తీసుకున్నట్లే, ఇక్కడ పిల్లవాని కంటి ఎత్తును, చేతి అందుబాటును ఆమె కొలమానంగా తీసుకున్నది.

1951లో షూటె దంపతులు విడిపోయారు. నాజీ పాలనలో ప్రాణాలకు తెగించిన వ్యక్తికి స్వతంత్ర దేశంలో పని దొరకకపోవడం ఆమె జీవితంలోని పెద్ద విషాదం. అయినా ఆమె ఖాళీగా కూర్చోలేదు. ఆస్ట్రియా ప్రజాస్వామిక మహిళా సమాఖ్యకు తొలి అధ్యక్షురాలిగా పనిచేసింది. శాంతి ఉద్యమంలో పాల్గొన్నది. క్యూబా, తూర్పు జర్మనీ వంటి దేశాలకు సలహాదారుగా వ్యవహరించింది. శిశు విద్యాలయాలను విడిభాగాలుగా తయారుచేసి జోడించే ఒక పద్ధతిని 1960లలో రూపొందించింది గాని, వియన్నా నగరం దానిని అమలు చేయలేదు.

గుర్తింపు, చివరి సంవత్సరాలు

ఆమెకు స్వదేశంలో గుర్తింపు ఎనభై ఏళ్ళు దాటిన తరువాతనే లభించింది. 1980లో వియన్నా నగరం ఆమెకు వాస్తుశిల్ప పురస్కారం ప్రదానం చేసింది. 1985లో ప్రతిఘటన కాలపు జ్ఞాపకాలను ఆమె పుస్తకరూపంలో ప్రచురించింది. 1988లో ఆస్ట్రియా ప్రభుత్వం విజ్ఞానశాస్త్ర, కళల గౌరవ పతకం ప్రకటించింది. అయితే యుద్ధకాలపు ప్రవర్తనపై ఆరోపణలు ఎదుర్కొంటున్న అధ్యక్షుడు కుర్ట్ వాల్డ్‌హైమ్ చేతుల మీదుగా దానిని స్వీకరించడానికి ఆమె నిరాకరించింది. ఆయన పదవీకాలం ముగిసిన తరువాత 1992లో ఆ గౌరవాన్ని అందుకున్నది.

1993లో వియన్నాలోని అనువర్తిత కళల సంగ్రహాలయం ఆమె సమగ్ర కృషిపై ప్రదర్శన ఏర్పాటు చేసింది. 1997లో జరిగిన నూరవ జన్మదినోత్సవంలో వియన్నా మేయరుతో కలిసి ఆమె వాల్ట్జ్ నాట్యం చేసింది. తన పేరు వినగానే అందరూ వంటగది గురించే అడగడం ఆమెకు చివరి సంవత్సరాలలో విసుగు కలిగించేది. ఇళ్ళు, పాఠశాలలు, శిశు విద్యాలయాలు, జైలు జీవితం అన్నీ ఆ ఒక్క గది చాటున మరుగుపడ్డాయని ఆమె బాధ. 2000 జనవరి 18న ఆమె వియన్నాలో కన్నుమూసింది. వియన్నా కేంద్ర శ్మశానవాటికలో గౌరవ సమాధి నిర్మించారు.

వారసత్వం

యుద్ధానంతరం స్వీడన్ తదితర దేశాలలో అభివృద్ధి చెందిన ప్రామాణిక వంటగదులకు, తద్వారా నేడు హైదరాబాదు, విజయవాడ నగరాల అపార్ట్‌మెంట్లలో కనిపించే మాడ్యులర్ కిచెన్లకు కూడా ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది దూరపు పూర్వరూపం. నూతన ఫ్రాంక్‌ఫర్ట్ ఇళ్ళలోని అసలు వంటగదులలో చాలా భాగాన్ని తరువాతి కాలంలో మరమ్మతుల సందర్భంగా పీకివేశారు. మిగిలిన కొద్దివాటిని సంగ్రహాలయాలు పోటీపడి సేకరించాయి. న్యూయార్క్‌లోని ఆధునిక కళా సంగ్రహాలయం ఒక వంటగదిని సంపాదించి, 2010లో ప్రారంభమైన వంటగదుల ప్రత్యేక ప్రదర్శనలో ఉంచింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని రోమర్‌స్టాట్‌లో ఎర్నస్ట్ మే పేరిట సంరక్షించిన ఇంట్లోనూ దీనిని చూడవచ్చు. వియన్నాలో ఆమె తన కోసం స్వయంగా తీర్చిదిద్దుకొని, చివరి మూడు దశాబ్దాలు నివసించిన ఇంటిని 2022లో పునరుద్ధరించి సందర్శకులకు తెరిచారు.

వంటగది అమరికను గురించి నేడు నిపుణులు చెప్పే సూత్రాలు - పనుల వరుసను బట్టి వస్తువుల వరుస, చేతికందే దూరం, పనిచేసే చోట వెలుతురు, శుభ్రపరచుకోవడానికి వీలు - చాలావరకు ఈ 70 చదరపు అడుగుల గదిలో ఆచరణలోకి వచ్చినవే. వంట చేసే మనిషి శ్రమను గౌరవించడంతోనే వంటగది అందం మొదలవుతుందన్నది మార్గరెటే షూటె-లిహోట్స్కీ కృషి నుండి గ్రహించవలసిన విషయం.